పగా, పరికల్పనా? ఓ ప్రయోగశాల ప్రేమకథలో విజ్ఞానం

ఒకే ప్రాజెక్టుకు ఇద్దరు నాయకులు. ఆమె నాడీశాస్త్రవేత్త, అతడు ఇంజినీరు. పీహెచ్‌డీ చేసిన రోజుల నుంచీ ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వరస. అలాంటివాళ్లు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన హ్యూస్టన్ కేంద్రంలో కలిసి పనిచేయాల్సి వస్తుంది. 2022లో వెలువడిన ‘లవ్ ఆన్ ది బ్రెయిన్’ అనే ఇంగ్లిష్ నవల ఇక్కడ మొదలవుతుంది. రచయిత్రి అలీ హేజిల్‌వుడ్. అది కలం పేరు. ఇటలీలో పుట్టిన ఆమె అమెరికాలో నాడీశాస్త్రంలో డాక్టరేట్ చేశారు.

కథానాయిక బీ, కథానాయకుడు లీవై చివరికి ఒకటవుతారని ఇలాంటి నవలలు చదివేవారికి ముందే తెలుసు. విజ్ఞానాభిమానులకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ప్రయోగశాలలో ప్రతి అంచనానూ పరీక్షించే శాస్త్రవేత్తలు మనుషుల గురించిన అంచనాలను ఎందుకు పరీక్షించరు? ఆ నిర్లక్ష్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు?

హెల్మెట్‌లో ఏముంది?

నవలలో ఇద్దరూ కలిసి తయారుచేసేది వ్యోమగాముల ఏకాగ్రతను పెంచే హెల్మెట్. అది కల్పనే. అయితే మెదడును బయటి నుంచి ఉత్తేజపరిచే పద్ధతులు నిజంగానే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది తలపై నుంచి అయస్కాంత తరంగాలతో చేసే ఉత్తేజనం. దీన్ని ఇంగ్లిష్‌లో క్లుప్తంగా టీఎంఎస్ అంటారు. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌కు చెందిన ఆంథొనీ బార్కర్ బృందం 1985లో దీన్ని చేసి చూపింది.

దీని సూత్రం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే. తల దగ్గర ఉంచిన తీగచుట్టలోకి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు బలమైన విద్యుత్తును పంపుతారు. క్షణంలో పుట్టి మాయమయ్యే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి లోపలికి వెళ్తుంది. మారుతున్న ఆ క్షేత్రం మెదడు పైపొరలోని నాడీకణాల్లో స్వల్ప విద్యుత్తును ప్రేరేపిస్తుంది. చేతి కదలికలను నియంత్రించే భాగంపై ఇలా చేస్తే, మనిషి అనుకోకుండానే అతని బొటనవేలు కదులుతుంది. కుంగుబాటు చికిత్సకు ఈ పద్ధతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అనుమతించింది. ప్రతి స్పందనకూ వేల ఆంపియర్ల విద్యుత్తు కావాలి. అందుకు పెద్ద యంత్రమే అవసరం. దాన్నంతా ఒక హెల్మెట్‌లో ఇమడ్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పరీక్షించని పరికల్పన

లీవైకి తానంటే గిట్టదని బీ ఏళ్లుగా నమ్ముతుంది. అతడు మాట్లాడకపోతే అది ద్వేషమే. తప్పుకుని వెళ్లిపోతే అదీ ద్వేషమే. నాసాలో చేరగానే ఆమెకు రావాల్సిన పరికరాలు రావు, సిబ్బంది పట్టించుకోరు. అనుమానం సహజంగానే అతడి మీదికే వెళ్తుంది. వేరే కారణం ఉండవచ్చేమో అన్న ప్రశ్న ఆమెకు చాలాకాలం తట్టదు.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని నిర్ధారణ పక్షపాతం అంటారు. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1960లో ఒక తేలికైన ప్రయోగంతో దీన్ని వెలికితీశారు. 2, 4, 6 అనే మూడు సంఖ్యలు ఒక నియమాన్ని పాటిస్తున్నాయి, ఆ నియమమేమిటో కనుక్కోండి అన్నారు. పాల్గొన్నవారు తమకు తోచిన మూడేసి సంఖ్యలు చెప్పి, అవి సరిపోతాయో లేదో తెలుసుకోవచ్చు. చాలామంది 8, 10, 12 లాంటివి చెప్పారు. సరే అనగానే “రెండేసి పెరగాలి” అని తేల్చేశారు. అసలు నియమం సంఖ్యలు చిన్నదాని నుంచి పెద్దదానికి పెరుగుతూ పోవడం, అంతే. 1, 7, 50 అని అడిగి చూస్తే తమ ఊహ తప్పని వెంటనే తెలిసేది. తమను తప్పని చూపగల ప్రశ్న వేయడం వారికి తోచలేదు. బీ చేసిందీ అదే.

కలిసి తింటే చాలదు

మరి వైరం ఎలా కరుగుతుంది? 1954లో ముజఫర్ షరీఫ్ బృందం అమెరికాలోని ఓక్లహోమాలో ఒక వేసవి శిబిరంలో సుమారు 11 ఏళ్ల బాలురు 22 మందిని రెండు జట్లుగా చేసి పోటీలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే జట్ల మధ్య తిట్లు, దాడులు మొదలయ్యాయి. ఇరు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెడితే తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, లారీ మొరాయించినప్పుడు అందరూ కలిస్తే తప్ప పని జరగని పరిస్థితి కల్పించారు. ఆ తర్వాతే వైరం తగ్గుతూ వచ్చింది. పిల్లలకు చెప్పకుండా ఇలాంటి ప్రయోగం చేయడంపై తర్వాత విమర్శలు వచ్చాయి. అయినా ఉమ్మడి లక్ష్యం గురించి అది నేర్పిన పాఠం నిలిచింది. నవలలో ఆ పాత్ర పోషించేది హెల్మెట్. పని విఫలమైతే ఇద్దరూ నష్టపోతారు కాబట్టి ఒకరి పనిని ఒకరు దగ్గర నుంచి చూడక తప్పదు. అప్పుడే పాత అంచనాకు సరిపడని ఆధారాలు ఒక్కొక్కటిగా కంటపడతాయి.

మేరీ పేరు లేని ప్రతిపాదన

బీకి ఆరాధ్యదైవం మేరీ క్యూరీ. చిక్కు వచ్చినప్పుడల్లా ‘మేరీ అయితే ఏం చేసేది?’ అని ఆలోచిస్తుంది. మేరీ జీవితంలోనూ పనిచోట పుట్టిన ప్రేమ ఉంది. ఉక్కు అయస్కాంత గుణాలపై పనిచేస్తూ ప్రయోగశాలలో చోటు కోసం వెతుకుతున్నప్పుడు, 1894లో, ఆమెకు పియరీ పరిచయమయ్యారు. మరుసటి ఏడాది పెళ్లయింది. 1898లో ఇద్దరూ కలిసి పొలోనియం, రేడియం ఉనికిని ప్రకటించారు.

1903 భౌతికశాస్త్ర నోబెల్‌కు ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ సభ్యులు పంపిన ప్రతిపాదనలో హెన్రీ బెకరెల్, పియరీ పేర్లు మాత్రమే ఉన్నాయి. స్వీడన్ గణితవేత్త మిట్టాగ్ లెఫ్లర్ ఈ సంగతి పియరీకి తెలిపారు. రేడియోధార్మికతపై పరిశోధనలో మేరీనీ తనతో పాటు పరిగణించాలని పియరీ బదులు రాశారు. బహుమతిలో సగం బెకరెల్‌కు, మిగతా సగం క్యూరీ దంపతులకు దక్కింది. తోటి శాస్త్రవేత్త చూపిన ప్రేమకు ఇంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి?

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. 1933లో కమలా సొహోనీ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరడానికి వెళ్తే, స్త్రీ అన్న కారణంతో డైరెక్టర్ సి.వి. రామన్ మొదట నిరాకరించారు. ఆమె పట్టు వదలకపోవడంతో షరతుల మీద చేర్చుకున్నారు. మొదటి ఏడాది పరిశీలన కాలం. తోటి పురుష పరిశోధకుల దృష్టి మళ్లించకూడదన్నది మరో షరతు. ఏడాది తర్వాత ఆమె పని చూసి రామన్ సంతృప్తి చెందారు. తర్వాత ఆమె కేంబ్రిడ్జ్ వెళ్లి డాక్టరేట్ సాధించి 1939లో తిరిగివచ్చారు. రామన్ అంచనా తప్పని తేల్చింది ఆమె పనే. పరీక్షకు నిలిచే భారం మాత్రం ఆమె మీదే పడింది.

ఒకే దరఖాస్తు, రెండు పేర్లు

ఇది పాతకాలపు ముచ్చట అనుకోవడానికి లేదు. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా విశ్వవిద్యాలయాలకు చెందిన 127 మంది సైన్స్ ఆచార్యులకు ప్రయోగశాల మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తును పంపారు. అక్షరం పొల్లుపోకుండా ఒకే దరఖాస్తు. కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో వెళ్లింది. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. అతనికి సగటున ఏడాదికి దాదాపు 30,200 డాలర్లు ఇవ్వవచ్చన్నారు, ఆమెకు దాదాపు 26,500. మహిళా ఆచార్యులు కూడా ఇలాగే అంచనా వేశారు.

నవలలో ఒక మనిషి గురించిన తప్పుడు అంచనా ఏళ్ల ఒంటరితనాన్ని మిగిల్చింది. ప్రయోగశాలలో అలాంటి అంచనా ఉద్యోగాన్ని, జీతాన్ని, ఒక్కోసారి ఆవిష్కర్త పేరునే మింగేస్తుంది. రెండింటికీ మందు ఒకటే. ‘నా అభిప్రాయం తప్పయితే ఏం కనిపించాలి?’ అని అడిగి, అది కనిపిస్తోందేమో వెతకడం. బీ, లీవైల మధ్య పగ కరిగింది ఆ ప్రశ్న పుట్టాకే.