పేకముక్కలతో 960 చదరంగాలు

ఆరంభపు ఎత్తుల్ని బట్టీపట్టినవాడిదే పైచేయి అవుతోందని విసిగిన బాబీ ఫిషర్, 1996లో వెనుక వరుస పావుల్ని కలగలిపే చదరంగాన్ని ప్రకటించాడు.

పేకలో ఆసు నుంచి 8 దాకా ముక్కలు తీసుకోండి. అవే గడుల సంఖ్యలు. బేసి ముక్కల్లో ఒకటి, సరి ముక్కల్లో ఒకటి తీస్తే శకట్లు రెండూ వేర్వేరు రంగు గడుల్లో పడతాయి: 4×4=16 విధాలు. మిగిలిన ఆరింటిలో ఒకటి మంత్రికి. ఆపై ఐదింటిలో రెండు గుర్రాలకు, 10 విధాలు. చివరి మూడు గడుల్లో ఎంపికే లేదు: రాజు నడుమ, ఏనుగులు అటూ ఇటూ. క్యాస్లింగ్ పోకూడదు కదా! మొత్తం 16×6×10=960. నల్లపావులదీ అదే వరుస, ఎదురెదురుగా. మామూలు చదరంగమూ వీటిలో ఒకటే.

2025 జూలైలో లాస్ వేగాస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ పోటీలో వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ ఈ పద్ధతిలోనే ఆడి సెమీఫైనల్ చేరాడు.