చెరువు పక్కన ప్లాటు కొనేముందు

హైదరాబాద్ శివార్లలో స్థలం కొనబోయేవాళ్లు, ఇప్పటికే కొని దిగులుపడుతున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి.

ఆ చెరువులో ఏళ్లుగా నీళ్లే లేవు. అయినా ఎఫ్‌టీఎల్ అంటారేమిటి?

చెరువు నిండి అలుగు పారబోయే మట్టమే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). ఆ మట్టానికి నీళ్లు ఎంతమేర పరుచుకుంటాయో అదంతా చెరువే. ఈ ఏడు ఎండిందా, అందులో జొన్న వేశారా అన్నది లెక్కలోకి రాదు. దయచేసి ఎండాకాలంలో ఒక్కసారి చూసి బయానా ఇవ్వకండి. 2020 అక్టోబరు వానలకు బురాన్‌ఖాన్ చెరువు నిండి, ఉస్మాన్‌నగర్‌లో ఇళ్లు నెలల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. వాటిలో కాపురం ఉన్నవాళ్లలో చాలామంది రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లు.

మరి బఫర్ జోన్?

ఎఫ్‌టీఎల్ హద్దు దాటాక కూడా ఖాళీగా వదలాల్సిన పట్టీ. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకైనా, కుంటకైనా 9 మీటర్లు. వాగు, నాలా 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లు. ఈ కొలత కట్ట నుంచో, కంటికి కనిపించే నీళ్ల అంచు నుంచో కాదు. చెరువుకైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి మొదలవుతుంది. అమ్మేవాళ్లు మాయచేసేది సరిగ్గా ఇక్కడే.

మాది శిఖం పట్టా. సొంత భూమిలో కట్టుకోకూడదా?

కూడదు. శిఖం అంటే చెరువు గర్భంలోని భూమి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు. యాజమాన్యం మీదే అయినా, ఇల్లు కట్టే హక్కు దాంతోపాటు రాదు.

రిజిస్ట్రేషన్ అయింది, ఇంటిపన్ను కడుతున్నాం, కరెంటు మీటరూ ఉంది. ఇంకేం కావాలి?

నిర్మాణ అనుమతి కావాలి. రిజిస్ట్రేషన్ జరిగిందంటే క్రయవిక్రయం నమోదైందని మాత్రమే. పన్ను రసీదు, మీటరు కూడా అనుమతి కిందకు రావు. ఈ మూడూ ప్రభుత్వమే ఇచ్చి, చివరికి కట్టడం చెల్లదనడం సామాన్యుడికి అన్యాయంగా తోచడంలో తప్పులేదు. నాకూ అన్యాయమనే అనిపిస్తుంది. కానీ చట్టం ఇవాళ ఇలాగే ఉంది, అందుకే ముందే చూసుకోవాలి. సర్వే నంబరు తీసుకుని హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులోనూ, మాస్టర్ ప్లాన్‌లోనూ వెతకండి. మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోనా, కన్జర్వేషన్ జోనా అన్నది కూడా తేలుతుంది.

75 గజాల లోపైతే అనుమతే అక్కర్లేదటగా?

7 మీటర్ల ఎత్తు మించకుంటే టీఎస్-బీపాస్ చట్టం కింద నమోదు చాలు. ఆ సౌకర్యం చెరువులో కట్టుకోవడానికి మాత్రం కాదు. తప్పుడు వివరాలిస్తే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది.

నోటీసు లేకుండా కూల్చవచ్చా?

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పిందిదీ: నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువివ్వాలి, మన వాదన వినాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత మరో 15 రోజులు ఆగాలి. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. చెరువు పక్కవాళ్లు ఈ రెండోభాగం తప్పక చదవాలి.

లేఅవుట్ వేసినవాడి మీద ఏమీ చేయలేమా?

చేయగలం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అమ్మాలంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు తప్పనిసరి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే పరిహారం, వైదొలగాలనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా వాపసు అడిగే హక్కు రెరా చట్టం 12వ సెక్షన్ ఇస్తోంది. కాబట్టి బ్రోచరు పారేయకండి. వాట్సాప్ సందేశాలూ దాచండి.



 

మ్యాపులో గీతే తప్పు అనిపిస్తే?

చెరువు హద్దులపై ముందుగా ప్రాథమిక నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరాలు విన్నాకే తుది నోటిఫికేషన్. ఆ మధ్యకాలమే మీ అవకాశం. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి సర్వే చేయాలని రాతపూర్వకంగా కోరండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.