కొత్త సామాను వేస్తే చాలా?

నాంపల్లి రైలు స్టేషన్ దగ్గర ఒకాయన డీజిల్ టాక్సీ నడుపుతాడు. బండికి బలం పెరుగుతుందని పెద్ద నాజిళ్ళు వేయించాడు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి నాజిళ్ళే. ట్యూనింగు మాత్రం చేయించలేదు. "బండి అదే సర్దుకుంటదిలే" అన్నాడు.

ఆయన భార్య ఈమధ్యే చదువు నేర్చింది. డీజిల్ లెక్క రాసేది ఆమే. ముందు 10 లీటర్లకు 180 కిలోమీటర్లు తిరిగేది. ఇప్పుడు 140 దాటడం లేదు. పైగా నల్లని పొగ.

"ఏమయ్యా, ఆ 40 ఎటు పోయినయ్?" అని అడిగింది.

ఎటు పోయినయ్? పొగలోకే. పొయ్యిలో గాలి ఆడకుండా కట్టెలు కుక్కితే ఏమవుతుంది? మంట తగ్గుతుంది, పొగ కమ్ముతుంది. ఇంజన్ కూడా అంతే.

ఆ బండికి టర్బో ఉంది. బయటికి పోయే వేడి పొగ టర్బోలోని చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దాంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి వెళుతుంది. ఎంత గాలికి ఎంత డీజిలో బండిలోని కంప్యూటర్‌లో ముందే లెక్క ఉంటుంది. నాజిల్ రంధ్రం పెద్దదైతే ఆ లెక్క తప్పుతుంది. లెక్క సరిచేయడమే ట్యూనింగు. చేయించకపోతే ఇంజన్ వేడెక్కుతుంది. టర్బో కూడా చెడిపోవచ్చు. ఆ పొగతో పొల్యూషన్ సర్టిఫికెట్టు వస్తుందా?

అన్నిటికీ ట్యూనింగు అక్కర్లేదు. పాత గాలి ఫిల్టరు తీసి అదే రకం కొత్తది వేస్తే చాలు. వేరే సైజు టర్బో, నాజిళ్ళు వేస్తే మాత్రం తప్పదు.

అయినా నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా సిగ్నళ్ళ దగ్గర నత్తనడకే కదా! ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు టర్బో పెద్దగా పనిచేయదు. ఇక ఆ బలం ఎందుకు?

ఆయన పాత నాజిళ్ళే మళ్ళీ వేయించాడు. నిన్న ఆమె పుస్తకంలో 175 అని రాసింది.