మంచం కింద నాలుగు సంచులు
(ఒకేసారి నాలుగు చేతిపనులు మొదలుపెట్టినవాళ్ళకి ఒక చిన్న పాఠం)

పోయిన సెమిస్టర్‌లో హాస్టల్‌లో నా మంచం కింద నాలుగు సంచులు ఉండేవి. మొదటి దాంట్లో క్రోషియా సూది, సగం కూడా అల్లని టీపాయ్ కవర్. రెండో దాంట్లో చేర్యాల బొమ్మ వేద్దామని చింతగింజల జిగురు పూసి ఆరబెట్టిన గుడ్డ. మూడో దాంట్లో సైకిల్ ట్యూబ్ ముక్కలతో ముడులు వేసిన నూలు దారం. నాలుగోది అమ్మమ్మ ఇచ్చిన సంచి. అందులో రెండు పాత చిటికి చీరలు, ఒక సూది, ఒక దారపుండ. అక్కకి పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టమని ఇచ్చింది.

నాలుగూ రెండు నెలల్లోనే మొదలుపెట్టాను. యూట్యూబ్‌లో ఒక వీడియో చూడడం, సామాన్లు కొనడం, రెండు రోజులు కూర్చోవడం, ఇంటర్నల్స్ రావడం, ఆగిపోవడం. మళ్ళీ ఇంకో వీడియో. మీలో చాలామందికి ఈ లూప్ తెలిసే ఉంటుంది.

దసరా సెలవులకి ఊరెళ్ళినప్పుడు సంచులన్నీ ముందేసుకుని గొప్పగా చూపించాను. అమ్మమ్మ అన్నీ ఓపిగ్గా చూసి ఒకటే అడిగింది. "గిన్ని మొదలువెట్టినవ్ గదనె బిడ్డా, గిండ్ల ఒక్కటన్న ఒడిసిందా?"

ఒక్కటీ ఒడవలేదు. అక్కకి అప్పటికి నాలుగో నెల.

ముందు లెక్క చూద్దాం

మన సిలబస్‌లో క్యూల గురించి చదివేటప్పుడు లిటిల్స్ లా వస్తుంది. జాన్ లిటిల్ 1961లో దానికి నిరూపణ ఇచ్చాడు. చాలా సింపుల్. చేతిలో ఉన్న పనుల సంఖ్య = పనులు పూర్తయ్యే వేగం × ఒక్కో పనికి పట్టే సమయం. ఎక్కువ కాలం మీద సగటున ఇది నిజం. బ్యాంకు క్యూ అయినా, సర్వర్ అయినా, మంచం కింద సంచులైనా ఒకటే.

క్లాసులు, ల్యాబులు పోను నాకు మిగిలే టైమ్‌లో రెండు నెలలకి ఒక వస్తువు పూర్తిచేయగలను అనుకుందాం. చేతిలో ఎప్పుడూ నాలుగు ఉంటే ఒక్కోటి పూర్తవడానికి సగటున ఎనిమిది నెలలు. రెండే ఉంటే నాలుగు నెలలు. చేతులు అవే, గంటలు అవే. నేను బద్ధకంగా ఉన్నానని అనుకున్నాను గానీ లెక్క వేరేలా ఉంది. బిడ్డ ఐదు నెలల్లో వస్తుంది, నా బొంత ఎనిమిది నెలల క్యూలో ఉంది.

దీంతో "ఒకసారికి ఒకటే చెయ్యాలి" అని తేలిపోయినట్టేనా? కాదు. ప్రాసెసర్ కూడా ఒక ప్రోగ్రామ్ డిస్క్ కోసం ఎదురుచూస్తుంటే ఇంకోదాన్ని నడిపిస్తుంది. చేతిపనుల్లోనూ ఎదురుచూపులు చాలా ఉంటాయి. కాబట్టి అసలు ప్రశ్న ఎన్ని పనులు అని కాదు, ఏ పని పక్కన ఏ పని అని. అది తెలియాలంటే ప్రతి పనినీ మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: ఇందులో చేతులకి పనెంత, ఎదురుచూపు ఎంత?
రెండు: మధ్యలో ఎక్కడ ఆపొచ్చు?
మూడు: తప్పు చేస్తే వెనక్కి రావచ్చా?

నాలుగు పనులు, నాలుగు జవాబులు

*క్రోషియా.* ఎదురుచూపు అసలు లేదు, అంతా చేతిపనే. ఏ కుట్టు దగ్గరైనా ఆపొచ్చు. సూదికి ఎప్పుడూ ఒకే ఒక్క ఉచ్చు వేలాడుతుంటుంది, దానికి ఒక పిన్నీసు పెడితే చాలు. తప్పు పడితే దారం లాగితే మొత్తం ఊడొస్తుంది. దారం వృథా కాదు. బస్సులో చేసుకోవడానికి దీన్ని మించింది లేదు.

*చేర్యాల బొమ్మ.* ఇది దాదాపు అంతా ఎదురుచూపే. చింతగింజలు నానబెట్టాలి, రుబ్బాలి, ఉడికించాలి. ఆ జిగురులో సుద్దమట్టి కలిపి ఖద్దరు గుడ్డకి పూత పూయాలి. ఒక పూత బాగా ఆరితేనే ఇంకో పూత. తడి ఉండగానే తొందరపడితే గుడ్డ ముడతలు పడి, చుట్టినప్పుడు పూత పగులుతుంది (నాకు పగిలింది). పూర్వం ఈ గుడ్డలు గజాల కొద్దీ పొడవుండేవి. కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగి, చుట్ట విప్పుతూ కులపురాణాలు చెప్పేవాళ్ళు. అన్నిసార్లు విప్పి చుట్టినా పగలకూడదు కాబట్టే నకాషీలు పూత దగ్గర అంత జాగ్రత్త పడ్డారు. అయితే ఒకసారి పూత ఆరాక ఆ గుడ్డ ఎన్నాళ్ళైనా ఆగుతుంది. తొందర లేని పని.

*చిటికి.* మనం ఇక్కత్ అంటాం. ఆ మాట మలయ్, ఇండోనేషియా భాషల్లో "కట్టడం" అనే మాట నుంచి వచ్చింది. గుడ్డ నేశాక రంగు వేయరు, నేయకముందే దారానికి ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు మిగులుతుంది, మిగతా చోట రంగు పడుతుంది. ముడులు కట్టడం ఎక్కడైనా ఆపొచ్చు. కానీ రంగులో ముంచాక మధ్యలో ఆపడం కుదరదు, వెనక్కి రావడం అసలు కుదరదు.

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. అరవై పోగులు అట్టముక్కకి చుట్టి, ముడులు వేసి, ప్యాకెట్ రంగు వేడినీళ్ళలో కలిపి ముంచాను. బయటికి తీయగానే ఆత్రంగా ముడులు విప్పేశాను. దారానికి అంటకుండా మిగిలిన రంగంతా తెల్లచోట్లకి పాకి గులాబీరంగు అయింది. సరైన వరస ఇది: పొడిదారానికే ముడి గట్టిగా వెయ్యాలి. తర్వాత మామూలు నీళ్ళలో తడపాలి. తడికి నూలు ఉబ్బుతుంది కాబట్టి ముడి ఇంకా బిగుస్తుంది. ఆ తర్వాత రంగు. బయటికి తీశాక నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, అప్పుడే విప్పాలి. పోగుల వరస చెదరకుండా రెండు చివర్లా అడ్డంగా ఒక దారం అల్లుకోవడం మర్చిపోవద్దు. వరస చెదిరితే డిజైనే ఉండదు.

*బొంత.* పాత చీరలు మడతలు వేసి, నాలుగు పక్కలా టాకా వేసి, అంచు నుంచి లోపలికి వరసలుగా కుట్టుకుంటూ పోవడమే. ఎదురుచూపు లేదు, ఎక్కడైనా ఆపొచ్చు, కుట్టు విప్పొచ్చు. అంటే కాగితం మీద చూస్తే ఇది నాలుగింటిలో తేలికైన పని. కానీ నా సంచుల్లో అన్నిటికన్నా కింద పడి ఉన్నది అదే. ఎందుకంటే అందులో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదనిపించింది, ఫొటో తీసి పెట్టుకునేదీ లేదనిపించింది.

మనం ఒకటి అనుకునేది ఒకటి కాదు

ఆ సెలవుల్లోనే ఒకరోజు పోచంపల్లి వెళ్ళాను. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు, అందుకే భూదాన్ పోచంపల్లి. 2016 దాకా మన నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. చిటికి "నేర్చుకుందాం" అని వెళ్ళిన నాకు అక్కడ అర్థమైంది ఏంటంటే చిటికి అనేది ఒక పని కాదు. దారం సిద్ధం చేయడం ఒకటి, గ్రాఫ్ కాగితం మీద డిజైన్ ఒకటి, ముడులు ఒకటి, రంగు ఒకటి, మగ్గం ఒకటి. ఒక్కోటి ఒక్కో విద్య. ఇంట్లో ఒకరు ముడులు కడుతుంటే ఇంకొకరు మగ్గం మీద ఉంటారు. నేను ఒంటరిగా నాలుగు పనుల మధ్య గెంతుతుంటే, అక్కడ ఒక ఇల్లంతా కలిసి ఒకే చీర వైపు నడుస్తోంది.

పుట్టపాక తేలియా రుమాలైతే రంగు దాకా రావడానికే రోజులు పడుతుంది. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి దారాన్ని మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెడతారు. తేలియా అంటేనే నూనెది అని అర్థం. ఆ రుమాలుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో పడుగుకీ పేకకీ రెండింటికీ ముడులు కట్టి, మగ్గం మీద రెండు డిజైన్లూ కలిసేలా నేస్తారు. అలా నేసే సంప్రదాయం ఇండియా, ఇండోనేషియా, జపాన్‌లలోనే ఉందని చెప్తారు.

ఇంకొకటి, ఆసు. పేక దారానికి ముడులు కట్టేముందు దాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పి అమర్చాలి. ఒక చీరకి చెయ్యి మీటరు దూరం తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ పోవాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే పద్దెనిమిది వేలసార్లు. ఇది ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు.

ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆ నొప్పితో బాధపడడం చూసి యంత్రం చేయాలనుకున్నాడు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తిచేశాడు. ఐదు గంటల పని గంటన్నరకి వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో "మల్లేశం" సినిమా వచ్చింది. సినిమా నేను ఇంటర్‌లో చూశాను. అప్పుడు ఇన్నోవేషన్ అనే మాటే కనిపించింది. ఇప్పుడు ఏడేళ్ళు ఒకే పని అనే మాట కనిపిస్తోంది.

మా అమ్మమ్మ కూడా ఆలేరు వైపు చేనేత ఇంటి కోడలే. ఏళ్ళ తరబడి ఆసు పోసింది. కుడిచెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు. ఈ విషయం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అమ్మమ్మ తనే కుట్టకుండా బొంత నాకెందుకు ఇచ్చిందో ఆరోజు పోచంపల్లి నుంచి వచ్చే బస్సులో గానీ తట్టలేదు.

ఖాళీ టైమ్ అనే మాట

క్రోషియా గురించి వెతుకుతుంటే ఇంకో విషయం తెలిసింది. పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు ఉంది కదా, మిషనరీల కాలంలో మొదలై విదేశాలకి ఎగుమతయ్యే పని. దాని మీద మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ఒక పుస్తకం రాసింది. వేలమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని ప్రపంచ మార్కెట్ కోసం అల్లుతుంటే, "ఇంటావిడలు ఖాళీ టైమ్‌లో చేసుకునే పని" అని పేరుపెట్టి కూలి తక్కువ ఇచ్చారని ఆవిడ వాదన.

నాకు ఇది హాబీ. మానేసినా ఎవరూ అడగరు. ఇదే పని ఇంకొకరికి అన్నం. నాలుగు అంగుళాల పట్టీ నేయడానికి నాకు మూడువారాలు పట్టాక, చీర ధర చూసి "ఇంతా?" అనడం మానేశాను. హాబీగా నేర్చుకోవడంలో ఇది నిజమైన లాభం. అసలు చిటికి చీరని గుర్తుపట్టడం కూడా వచ్చింది. డిజైన్ అంచులు కొంచెం అలికినట్టు ఉంటాయి, రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. ప్రింట్ వేసినదైతే అంచులు గీత గీసినట్టుండి, వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది.

నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి

1. చేతిలో రెండే. ఒకటి ఎదురుచూపు ఉన్నది, ఇంకొకటి ఎక్కడైనా ఆపగలిగేది. చేర్యాల పూత ఆరుతుంటే బొంత కుట్టొచ్చు. ఎదురుచూపు ఉన్నవి రెండు పెట్టుకుంటే రెండూ ఒకేసారి పిలుస్తాయి.

2. వెనక్కి రాలేని మెట్టు (రంగు లాంటిది) సెలవురోజుకే. మర్నాడు ల్యాబ్ ఎగ్జామ్ ఉన్న రాత్రి ముట్టుకోవద్దు.

3. ఆపేముందు ఒక చీటీ రాసి సంచిలో వెయ్యాలి: "ఎక్కడ ఆపాను, తర్వాత ఏం చెయ్యాలి". మళ్ళీ తెరిచినప్పుడు గుర్తుతెచ్చుకోవడానికే అరగంట పోకుండా ఉంటుంది. కోడ్‌లో కామెంట్ లాంటిదే.

4. మొదటి వస్తువు చిన్నది. చీర కాదు, బుక్‌మార్క్. టీపాయ్ కవర్ కాదు, గ్లాసు కింద పెట్టుకునేది.

5. ఎవరైనా ఎదురుచూస్తున్న పని ముందు. మనకి నచ్చిన పని తర్వాత.

ఇప్పుడు సంచులు

టీపాయ్ కవర్ మొత్తం ఊడదీసి, దారం ఉండ చుట్టి పక్కరూమ్ ఫ్రెండ్‌కి ఇచ్చేశాను. చేర్యాల గుడ్డకి మళ్ళీ పూత పూసి చుట్టిపెట్టాను, అది ఆగుతుంది. గులాబీరంగు దారంతో ఒక బుక్‌మార్క్ నేశాను. డిజైన్ ఏంటని అడగకండి.

బొంత మాత్రం రోజూ రాత్రి మెస్ నుంచి వచ్చాక నాలుగు వరసలు. అయినా టైమ్‌కి అవలేదు. అక్కకి కొడుకు పుట్టిన మూడు వారాలకి పూర్తయింది. తీసుకెళ్ళి అమ్మమ్మ చేతికిచ్చాను. పైవైపు చూడనేలేదు. తిరగేసి వెనకవైపు కుట్ల మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"కుట్లు వంకరున్నయ్," అంది. కాసేపాగి, "గట్టిగనే ఉన్నయ్ తీ," అని పిల్లాడి కింద పరిచింది.

మీ మంచం కింద ఎన్ని సంచులున్నాయో ఈరోజు ఒకసారి లెక్కపెట్టండి. అందులో ఎవరైనా ఎదురుచూస్తున్నది ఉంటే ముందు దాన్నే బయటికి తీయండి.