ఛాతీలో నొప్పి: దాచుకోవద్దు, చెప్పుకోండి



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని చిన్నప్పటి నుండి బడి గోడల మీద చదువుతూనే ఉన్నాం. కాని ఆ భాగ్యం చేజారుతున్నప్పుడు ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో మనకు ఎవరూ నేర్పలేదు. హాస్టల్లో జ్వరం వస్తే పక్కవాడికి తెలుస్తుంది. దెబ్బ తగిలితే రక్తం కనిపిస్తుంది. ఛాతీలో వచ్చే నొప్పి మాత్రం మనం నోరు విప్పితే తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ఈ సంచికలో దాని గురించి రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను, జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి భయపడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నవాణ్ణి కూడా.

నా అనుభవం

డిగ్రీ రెండో సంవత్సరంలో నాకు ఛాతీ ఎడమవైపు పొడిచినట్టు నొప్పి మొదలైంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చేది, పోయేది. "గ్యాస్ అయి ఉంటది తమ్మీ" అన్నారు అందరూ. నేనూ గ్యాస్ గోలీలు మింగాను. వార్డెన్ సార్‌కు చెబితే ఇంటికి పంపిస్తారని భయం. ఇంట్లో చెబితే బొగ్గు లోడింగ్ కూలికి పోయే మా బాపు ఆ నెల అప్పు చేస్తాడని భయం. అన్నిటికన్నా పెద్ద భయం, "గుండె జబ్బు" అంటారేమోనని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. నాకేమన్నా అయితే ఎట్లా అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నిద్ర లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువయ్యేది.

చివరికి నా రూమ్మేట్ పట్టుబట్టి నన్ను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టర్ గారు ఛాతీ మీద వేలితో నొక్కి చూశారు, ఈసీజీ తీయించారు. పక్కటెముక ఎముకకు అతికే చోట వాపు, దానికి తోడు ఆమ్లం, ఆందోళన అన్నారు. గుండెకు ఏమీ లేదు. మందులకు, ఈసీజీకి నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఒక అంతస్తు మెట్లెక్కినందుకే నా పక్కన ఆయాసపడుతున్న రూమ్మేట్‌ను డాక్టర్ గారు గమనించారు. "నీకెన్నాళ్ల నుండి ఈ ఆయాసం?" అని అడిగారు. వాడు నవ్వి, "చిన్నప్పటి నుండి ఇంతే సార్" అన్నాడు. ఆరో తరగతిలో గొంతు నొప్పి, జ్వరం, తర్వాత ఒక్కో కీలు వాచి తగ్గడం, ఇంటి దగ్గర పసరు కట్టు కట్టడం, అన్నీ చెప్పాడు. స్టెతస్కోప్ పెట్టారు. ఎకో పరీక్షకు పంపారు. గుండె కవాటం ఒకటి ఇరుకైందని తేలింది. నాకు తోడుగా వచ్చినవాడే అసలు రోగి! తర్వాత ఆరోగ్యశ్రీ కింద బెలూన్‌తో వాడి కవాటాన్ని వెడల్పు చేశారు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది మాత్రం మానడు.

యువకులకు ఛాతీ నొప్పి ఎందుకు వస్తుంది?

2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో కుప్పకూలిన నటుడు నందమూరి తారకరత్న ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు. ఆయన వయసు 39 ఏళ్లే. అదే ఏడాది మన పక్క నిర్మల్ జిల్లాలో పెళ్లి వేడుకలో నాట్యం చేస్తూ ఒక యువకుడు పడిపోయి మరణించాడు. ఇలాంటి వార్తలు విన్నప్పుడు గుండె ఝల్లుమంటుంది. కాని మన వయసులో వచ్చే ఛాతీ నొప్పుల్లో ఎక్కువ భాగం గుండెకు సంబంధించినవి కావు. ముఖ్యమైన కారణాలు ఇవి:

1. కండరాలు, పక్కటెముకల నొప్పి: వేలితో నొక్కితే ఒకేచోట నొస్తుంది. బరువులెత్తినా, బాగా దగ్గినా రావచ్చు.

2. ఆమ్లం పైకి తన్నడం: పరగడుపున చాయ్, రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకోవడం వల్ల రొమ్ములో మంట.

3. ఆందోళన: పరీక్షలు, అప్పులు, ఇంటి బాధలు. గుండె దడ, చేతుల తిమ్మిరి, ఊపిరాడనట్టు ఉండటం. ఇది నటన కాదు, నిజమైన బాధే.

4. ఊపిరితిత్తుల జబ్బులు: న్యుమోనియా, క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

5. కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు దెబ్బతినడం: 5 నుండి 15 ఏళ్ల మధ్య గొంతులో చేరిన ఒక రకం బ్యాక్టీరియా దీనికి మూలం. ఇరుకు గదుల్లో ఎక్కువమంది కలిసి ఉండేచోట ఇది సులభంగా వ్యాపిస్తుంది. నొప్పి కన్నా ఆయాసమే ఎక్కువ కనిపిస్తుంది.

6. సికిల్ సెల్: మన ఆదిలాబాద్ ప్రాంత ఆదివాసీ మిత్రుల్లో ఉండే రక్తజబ్బు. వీరికి జ్వరం, ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం చేయరాదు.

7. గుండె రక్తనాళాలు మూసుకుపోవడం, గుండె కండరం మందం కావడం: మన వయసులో అరుదు. అయినా సిగరెట్, గుట్కా, తంబాకు అలవాటున్నవారికి, ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయినవారున్నవారికి ప్రమాదం ఎక్కువ.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు

ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, నొప్పి ఎడమచేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లని చెమటలు, వాంతి, పరుగెత్తేటప్పుడు నొప్పి రావడం లేదా స్పృహ తప్పడం, హఠాత్తుగా ఆయాసం, దగ్గితే రక్తం. వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఉచితం. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కాలి. 2023 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఈ సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన హాస్టల్లో కూడా ప్రతి ఏడాది నేర్పిస్తే బాగుంటుంది.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

నేను ఆసుపత్రిలో తడబడి సగం మరిచిపోయాను. మీరట్లా చేయకండి. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఎప్పటి నుండి, ఏ చోట, ఎంతసేపు, ఏం చేస్తే వస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది, దాంతోపాటు ఇంకేం ఉంటుంది. చిన్నప్పటి జ్వరాలు, కీళ్ల వాపులు, పొగాకు అలవాటు కూడా దాచవద్దు. ఒకసారి ఈసీజీ బాగుందన్నా, నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే మళ్లీ వెళ్లండి.

ఖర్చు గురించి భయపడవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇంట్లో రేషన్ కార్డు, ఆధార్ సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

చివరగా

తమ్ముళ్లారా! మన అవ్వలు, బాపులు నొప్పిని పళ్ల బిగువున భరించి మనల్ని ఇక్కడి దాకా తెచ్చారు. ఓర్చుకోవడం వాళ్ల నుండే నేర్చుకున్నాం. కాని నొప్పిని ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. నేను నోరు విప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. మీకు ఎనిమిది రోజులు కూడా పట్టకూడదు. ఈ రాత్రి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్క మాట అడగండి: "ఒంట్లో ఎట్లుంది రా?" మెట్లెక్కి ఆయాసపడేవాడు ఉంటే, తోడు తీసుకుని ఆసుపత్రికి పొండి. ఆ తోడుకు కూడా ఒకసారి చూపించండి.

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం), బెల్లంపల్లి