ఫారంలో ఏం రాయాలి?

మన రాత్రి బడికి వచ్చే ఒక అక్క కొడుకు సి.ఆర్.పి.ఎఫ్.లో సెలెక్టు అయ్యాడు. చేరే ముందు ఒక ఫారం నింపాలి. దాన్ని అటెస్టేషన్ ఫారం అంటారు. అక్క ఆ ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముఖంలో సంతోషం లేదు.

"ఏమైందక్కా?" అని అడిగాను.

"రెండేళ్ల కిందట జాతరలో కొట్లాట అయింది కదా టీచరమ్మా! మావాడి మీద కూడా కేసు రాశారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఇప్పుడేమో కేసు లేదని రాసెయ్యమంటున్నాడు మా తమ్ముడు. రాజీ అయ్యాక ఇంకేం కేసు అంటాడు."

ఫారం ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక ప్రశ్నను నేను తెలుగులో అక్క నోటుబుక్కులో రాశాను. అక్క వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీ మీద ఎప్పుడైనా కేసు నడిచిందా?"

'ఎప్పుడైనా' దగ్గర వేలు ఆగింది.

"అంటే ఇప్పుడు ఉందా అని కాదన్నమాట" అంది.

అవును. రాజీ పడిన కేసు, కొట్టేసిన కేసు కూడా అక్కడ రాయాలి. ఇప్పుడు కేసు ఉందా అని వేరే ప్రశ్న ఉంటుంది. దానికి లేదని రాయవచ్చు.

ఈ ఉద్యోగంలో తుపాకీ ఇస్తారు. కాపలా పెడతారు. అందుకే మనిషి నడవడి చూస్తారు. ఫారం జిల్లా అధికారుల మీదుగా మన పోలీసు స్టేషనుకు వస్తుంది. వాళ్లు రికార్డు తీస్తారు. దాచినా బయటపడుతుంది. అబద్ధం రాస్తే ఉద్యోగానికి పనికిరారని ఫారం పైనే హెచ్చరిక ఉంది. ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టు అయినా, ఆ సంగతి వెంటనే తెలపాలని కూడా ఉంది. ఇది చాలామంది చదవరు.

2016లో సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు ఈ విషయం మీద తీర్పు ఇచ్చారు. ఫారంలో రాసేది నిజం కావాలి, దాచకూడదు అన్నారు. దాచిన సంగతి చేరాక తెలిసినా ఉద్యోగం పోవచ్చు. చిన్న వయసులో చేసిన చిన్న తప్పయితే అధికారులు క్షమించవచ్చు. అది వాళ్ల ఇష్టం.

"నిజం రాస్తే ఉద్యోగం ఖాయమేనా?" అని అక్క అడిగింది.

అవునని చెప్పాలనిపించింది. కానీ అది నిజం కాదు. నిజం రాసినా, కేసు ఎలాంటిదో చూసి అధికారులే నిర్ణయిస్తారు. ఆ మాటే చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకును పిలిచి, "ఉన్నది ఉన్నట్టు రాయరా" అంది.

కేసు నంబరు, తేదీ, రాజీ అయిన సంగతి అన్నీ రాశాడు. అక్క ఫారం జిరాక్సు, లోక్ అదాలత్ కాగితం పెట్టెలో దాచింది. మొన్న పోలీసాయన ఎంక్వైరీకి వచ్చాడు. అక్కే కాగితం తీసి, పేరు చదివి చూపించిందట. ఉత్తరం ఇంకా రాలేదు.