బ్యాండు విడిపోయాక మేనేజరుకు మిగిలే పని

తొంభైలలో దుబాయిలో కొందరు తెలుగు కుర్రాళ్ళు కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నారు. పగలంతా ఆఫీసుల్లో, వర్క్‌షాపుల్లో ఉద్యోగాలు, రాత్రిళ్ళు సాధన. వాళ్ళకు నేను మేనేజర్ని. హాలు మాట్లాడటం, స్పీకర్లు అద్దెకు తేవడం, అనుమతుల కోసం తిరగడం, రావలసిన డబ్బు వసూలు చేయడం నా వంతు. బ్యాండు విడిపోయి చాలా కాలమైంది. దొరికిన పాత వీడియోలనూ, అనుమతి వచ్చినప్పుడు అరుదైన రాక్ డాక్యుమెంటరీలనూ ఇక్కడి యువతకు చూపించి, ఆ తర్వాత వాళ్ళతో కూర్చుని మాట్లాడటం ఇప్పుడు నేను చేస్తున్న పని. ఈ రెండు పనులూ నాకు నేర్పినవి మీకు చెప్పాలని ఉంది. కొన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకు ఆ ఆలస్యం అక్కర్లేదు.

1. వాయించింది గాలిలో కలుస్తుంది, దాచింది నిలుస్తుంది.

ఈ దేశంలో మన బతుకు వీసా మీద నడుస్తుంది. మనలో చాలామందికి ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పెట్టె సర్దుకోవాల్సిందే. మా బ్యాండు గొడవపడి విడిపోలేదు. గిటారు వాయించే అబ్బాయి మస్కట్‌కు మారాడు, డ్రమ్స్ వాయించేవాడు నిజామాబాద్ వెళ్ళిపోయాడు, పాడే కుర్రాడు అమెరికా చేరాడు. వాళ్ళతో పాటే రికార్డింగులూ చెల్లాచెదురయ్యాయి. దాచినవాళ్ళ కథ వేరు. 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి కళాకారుల సంగీతోత్సవం జరిగితే హాల్ టల్చిన్ అనే ఆయన దాదాపు 40 గంటల వీడియో తీశాడు. కొనేవాళ్ళు లేక ఆ టేపులు దాదాపు యాభై ఏళ్ళు వెలుగు చూడలేదు. 2021లో క్వెస్ట్‌లవ్ వాటితో ‘సమ్మర్ ఆఫ్ సోల్’ డాక్యుమెంటరీ తీశాడు, మరుసటి ఏడు దానికి ఆస్కార్ వచ్చింది. టల్చిన్ 2017లోనే కన్నుమూశాడు. ఎవరూ అడగకపోయినా ఆయన ఆ టేపులు పారేయలేదు, అందుకే ఆ పాటలు మనదాకా వచ్చాయి. నేనేమో అద్దె పెరిగి ఇల్లు మారిన ప్రతిసారీ ఒక అట్టపెట్టె తగ్గించుకుంటూ వచ్చాను. బ్యాండు సంగతి బ్యాండులో వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను. వాళ్ళంతా మేనేజరు దగ్గర ఉంటాయిలే అనుకున్నారు.

2. పేరు రాయని టేపు, పోయిన టేపు ఒక్కటే.

నా దగ్గర మిగిలిన హై-ఎయిట్ క్యాసెట్టు ఒకటుంది. అంచున అతికించిన చీటీ మీద నీలి సిరాతో ‘ఉగాది ప్రోగ్రాం’ అని నా చేతిరాతే. ఏ ఏడాది ఉగాదో లేదు, ఏ హాలో లేదు, బేస్ గిటారు వాయించింది ఎవరో లేదు. క్యాసెట్టు కిటికీ పక్కన తెల్లగా బూజు పట్టిన ఆ రీలును శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించాక కూడా, అందులో పాడుతున్న ఒక అమ్మాయి పేరు ఇప్పటికీ నాకు తెలియదు. ఇలాంటి చిన్న అజాగ్రత్త ఎంత పెద్దవాళ్ళనైనా దెబ్బతీస్తుంది. 1972 జనవరిలో లాస్ ఏంజిలిస్ చర్చిలో అరీతా ఫ్రాంక్లిన్ రెండు రాత్రులు భక్తిగీతాలు పాడితే, దర్శకుడు సిడ్నీ పోలాక్ బృందం చిత్రీకరించింది. క్లాప్ కొట్టకుండా తీశారు. బొమ్మకూ ధ్వనికీ జత కుదరక సినిమా మూలపడింది. దశాబ్దాల తర్వాత కంప్యూటర్ల సాయంతో జత కుదిర్చారు, ఆ తర్వాత కోర్టు తగాదాలు వచ్చాయి. చివరికి ‘అమేజింగ్ గ్రేస్’ తెరకెక్కింది 2018లో, ఆమె పోయాక. తేదీ, చోటు, పాట, మనుషుల పేర్లు: ఈ నాలుగూ అదే రాత్రి రాసి పెట్టండి. మర్నాటికి ఒకటి మర్చిపోతారు.

3. లెక్క తేలాకే స్టేజీ ఎక్కాలి.

మంచి పనికి కాగితాలెందుకు అనే మాట నేనూ ఒకప్పుడు అన్నాను. ఊళ్ళో ఒక కుటుంబానికి సాయం చేద్దామని కచేరీ పెట్టాం, జనం మనసారా ఇచ్చారు. ఆ డబ్బు ఎవరి పేరున తీసుకోవాలి, ఎలా పంపాలి అన్నది ముందు తేల్చలేదు. సాయం చేరడానికి అవసరానికి మించిన కాలం పట్టింది. పెద్దవాళ్ళకూ ఇలాగే జరిగింది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో పండిట్ రవిశంకర్ కోరికపై జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశాడు. టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కు త్వరగానే వెళ్ళాయి. అంతకన్నా ఎంతో పెద్ద మొత్తమైన రికార్డులు, సినిమా తాలూకు ఆదాయం మాత్రం పన్నుల చిక్కులో పడి ఏళ్ళ తరబడి ఆగింది. సేవాసంస్థతో ఏర్పాటు కచేరీకి ముందే చేసుకోకపోవడమే కారణం. అప్పట్లో వ్యవహారం చూసింది అలన్ క్లైన్ వంటి తలపండిన మేనేజరు. ఎమిరేట్స్‌లో లైసెన్సున్న సంస్థలే విరాళాలు వసూలు చేయాలి. 2021లో దీనికి ప్రత్యేకంగా ఫెడరల్ చట్టం కూడా వచ్చింది. ఇక్కడ సాయం చేయాలనుకునే బ్యాండు మొదటి రిహార్సల్‌కు ముందే అలాంటి సంస్థ గుమ్మం తొక్కాలి.

4. సినిమా చేతికొచ్చినంత మాత్రాన చూపే హక్కు రాదు.

అరుదైన డాక్యుమెంటరీ అనగానే దొరకబుచ్చుకుని నలుగురినీ పిలిచి వేసేద్దామనిపిస్తుంది. ఆ ఉబలాటం నాకు బాగా తెలుసు. కానీ అది అరుదు కావడానికి వెనక ఎవరిదో ఒక అభ్యంతరం ఉండవచ్చు. రోలింగ్ స్టోన్స్ 1972 అమెరికా యాత్ర మీద రాబర్ట్ ఫ్రాంక్ తీసిన సినిమా బయటికి రావడం ఆ బ్యాండుకు ఇష్టం లేకపోయింది. తగాదా కోర్టుకెక్కింది. ఫ్రాంక్ స్వయంగా హాజరైతేనే, అదీ పరిమితంగానే, చూపించవచ్చని తేలింది. బీటిల్స్ మీద 1970లో వచ్చిన ‘లెట్ ఇట్ బి’ కూడా ఎనభైల నుంచి అధికారికంగా దొరకలేదు. 2024 మేలో మళ్ళీ బయటికొచ్చింది. ఒక బ్యాండు తన బలహీన క్షణాలను లోకం చూడకూడదనుకుంటే, ఆ కోరికను కాస్త ఆలోచించాలి. నేను మా వాళ్ళ వీడియో వేసే ముందు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తాను. ఒకాయన ఒక పాట తీసేయమన్నాడు, తీసేశాను. ఇక ఇక్కడ బహిరంగంగా సినిమా వేయాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అల్ ఖూజ్‌లో అల్‌సర్కాల్ అవెన్యూలోని సినిమా అకిల్ లాంటి చోట్లను చూసి నేర్చుకోండి. బుతైనా కాజిమ్ 2014లో చోటు మారుతూ తిరిగే ప్రదర్శనలుగా మొదలుపెట్టి, 2018లో దానికి స్థిరమైన హాలు ఏర్పాటు చేసుకుంది. పద్ధతిగా చేసిన పనికి ఆయుష్షు ఎక్కువ.

5. మేనేజరు చెప్పేది ఒక వైపు కథే.

1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి దాదాపు మూడు లక్షల మంది వచ్చారు. స్టేజీ కాపలా హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠా చేతిలో పడింది. మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు స్టేజీ ముందే కత్తిపోట్లకు చనిపోయాడు. ఆ కాపలాకు మాట ఇచ్చిందెవరు, బీరు ఇస్తామన్నదెవరు అని అడిగితే ఎవరి కథ వాళ్ళది. టూర్ మేనేజరు శామ్ కట్లర్ ఏళ్ళ తర్వాత తన వైపు కథను పుస్తకంగా రాసుకున్నాడు. కెమెరా మాత్రం ఎవరి పక్షమూ వహించలేదు. మేజల్స్ సోదరులు, షార్లెట్ జ్వెరిన్ తీసిన ‘గిమ్మీ షెల్టర్’లో మిక్ జాగర్ ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుని ఆ దృశ్యం చూస్తుంటాడు. అతని ముఖం చూస్తే ఏ మేనేజరుకైనా నోట మాట రాదు. మా వీడియోకు ముందు నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి, ఎవరు ఎందుకు వెళ్ళిపోయారో నేనే తీర్పు చెప్పేవాణ్ణి. ఒకసారి మా డ్రమ్మరు వీడియో కాల్లో కలిసి, తను వెళ్ళింది జీతం చాలక కాదని, నాన్నకు జబ్బు చేస్తే వెళ్ళానని చెప్పాడు. అన్నేళ్ళూ నేను అతని గురించి తప్పు చెప్పాను. ఇప్పుడు ముందు సినిమా వేస్తాం, తర్వాత వాయించినవాళ్ళు మాట్లాడతారు, చివర్న నేను.

6. కెమెరా వినేవాళ్ళ వైపు కూడా తిరగాలి.

మా వీడియోల్లో నన్ను అన్నిటికన్నా బాధించేది ఇది. స్టేజీ తప్ప ఏమీ లేదు. సోనాపూర్ కార్మికుల క్యాంపు నుంచి బస్సుల్లో వచ్చి వెనక వరసల్లో నిలబడిన జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ మనుషులు ఒక్క ఫ్రేములోనూ లేరు. అప్పట్లో వాళ్ళకు శుక్రవారం ఒక్కటే సెలవు, ఆ సెలవును మాకిచ్చారు. ఎలక్ట్రిక్ గిటారు మీద ఊరి పాట వినిపించగానే వాళ్ళ ముఖాల్లో ఏం మెదిలిందో ఇక ఎవరూ చూడలేరు. డి.ఎ. పెన్నెబేకర్ ‘మాంటెరీ పాప్’లో 1967 నాటి రవిశంకర్ సితార్‌ను చివర్న పెట్టి, చాలాసేపు వినేవాళ్ళనే చూపించాడు. వాళ్ళలో జిమి హెండ్రిక్స్ కూడా ఉన్నాడు. 2008 నాటి ‘గ్లోబల్ మెటల్’లో సామ్ డన్ బృందం దుబాయి డెజర్ట్ రాక్ ఉత్సవానికి వచ్చినప్పుడు కూడా అభిమానులతో మాట్లాడింది. ఎడారిలో ఆ సంగీతం ఎందుకు కావాలో చెప్పగలిగింది వాళ్ళే కదా.

గల్ఫ్‌లో మన తెలుగువాళ్ళు ఏళ్ళ తరబడి పాడారు, వాయించారు, విన్నారు. నాకు తెలిసినంతలో దానికి చరిత్ర రాసినవాళ్ళు లేరు, టేపులు ఇళ్ళల్లో చెదిరి ఉన్నాయి. కరామాలోనో షార్జాలోనో మీ పక్క ఫ్లాటులో ఉన్న పెద్దాయన ఊరికి తిరిగి వెళ్ళే ముందు ఒక్కసారి అడగండి. ఆయన అల్మారాలో ఏమున్నా డిజిటల్ చేయించండి, పేర్లు రాయించండి, అనుమతి తీసుకోండి, నలుగురినీ కూర్చోబెట్టి చూపించండి. బ్యాండు మేనేజరు పని బ్యాండుతో ముగిసిపోతుందని నేను అనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. దానికి నేనొక్కణ్ణి చాలను.